తప్పు లేదు అని రాయాల్సిన చోట

తూకం వేసి అమ్మేవాళ్ల మధ్య పెరిగాను. ఏ వస్తువు ఎంత బరువుంటుందో చేత్తో ఎత్తి చెప్పగలను. పెద్దగా తేడా రాదు. ఒక్కదాని బరువే ఇన్నేళ్లుగా తేల్చుకోలేకపోయాను. అది నా దగ్గరే ఉంది. ఎవరికీ అంటగట్టలేదు, ఎవరికీ చూపించలేదు. దాని మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద కూర్చుని వ్యాపారం చేసుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. తెలిసినవాళ్ల ముందైతే నోరు తెరవగానే బేరం మొదలుపెడతాను. నా తప్పును నేనే ధర తగ్గించి చెబుతాను. మీతో ఆ పని చేయకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఒట్టు ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం.

మాది గోదావరిఖని. బజారులో మా నాయినకు గాజుల దుకాణం ఉండేది, ఇప్పుడది నాది. దుకాణం మీద ఒక గది. ఆ గదిలో సాయంత్రాలు ఇంగ్లిష్ గ్రామర్ చెబుతాను. అప్పుడూ చెప్పేవాణ్ణి. అప్పట్లో వచ్చేవాళ్లంతా బొగ్గు బాయిల్లో పనిచేసే కార్మికులే. మొదటి షిఫ్టు దిగి, ఇంటికి వెళ్లి స్నానం చేసి, కళ్ల అంచుల్లో ఇంకా నలుపు మిగిలుండగానే వచ్చి కూర్చునేవాళ్లు. నన్ను పైన సారూ అనేవాళ్లు. క్లాసు అయిపోయి దుకాణంలోకి దిగగానే సేటూ అనేవాళ్లు. మెట్లు ఎక్కితే సారు, దిగితే సేటు. రెంటికీ నేను తగినవాణ్ణేననుకునేవాణ్ణి.

వాళ్లకు ఇంగ్లిష్ ఎందుకంటే, బాయిలోంచి పైకి రావడానికి. తండ్రికి ఒంట్లో బాగుండక పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. డిగ్రీ చదివినా సరే, ముందు దిగాల్సింది కిందికే. అక్కడినుంచి ఆఫీసులో గుమాస్తాగా పైకి రావాలంటే కంపెనీ లోపల పెట్టే పరీక్ష ఒకటుంది. ఆ పరీక్ష ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. పెట్టినప్పుడు రాయాలి, అంతే. అందులో చాలామందిని ముంచేది ఇంగ్లిష్ వాక్యాల్లో తప్పులు పట్టే భాగం. వాక్యాన్ని మూడు ముక్కలు చేసి ఇస్తారు. ఏ ముక్కలో తప్పుందో గుర్తు పెట్టాలి. నాలుగో జవాబు ఒకటుంటుంది: నో ఎర్రర్. తప్పు లేదు.

మామూలు తప్పులు పట్టడం ఎవరికైనా నేర్పొచ్చు. 'హి డోంట్ హావ్ డ్యూటీ' అంటే 'డజంట్' అనాలి. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అంటే 'ఫ్రెండ్స్' అనాలి. 'డిస్కస్' పక్కన 'అబౌట్' అక్కర్లేదు. 'డిడ్ నాట్ వెంట్' అని రాసినవాణ్ణి నాలుగు రోజులు ఆటపట్టిస్తే ఐదో రోజు 'గో' అని రాస్తాడు. కష్టమైంది ఆ నాలుగో జవాబు. తప్పు వెతకమని కూర్చోబెట్టినప్పుడు, వాక్యాన్ని పైనుంచి కిందికి చూసి, ఇందులో తప్పు లేదు, ఇది బాగానే ఉంది అనడానికి గుండె కావాలి. నా క్లాసులో ఆ గుండె ఉన్నవాడు ఒక్కడే. అతన్ని మొగిలి అందాం. అసలు పేరు చెప్పే అర్హత నాకు లేదు.

మొగిలిది నా ఈడే. మనిషి వస్తే గది నిండేది. క్లాసులో సగంమందిని అతనే తన బాయి నుంచి పట్టుకొచ్చాడు. ఒకసారి బోర్డు మీద 'ఈచ్ ఆఫ్ ద వర్కర్స్ హాజ్ ఎ ల్యాంప్' అని రాసి తప్పు పట్టమన్నాను. వర్కర్స్ అంటే చాలామంది కదా, 'హావ్' ఉండాలని గదంతా గోల. ప్రతి ఒక్కరి దగ్గర అంటే ఒక్కొక్కణ్ణే లెక్కపెట్టాలని నేను చెబుతున్నాను, ఎవరికీ ఎక్కడం లేదు. మొగిలి వెనక్కి తిరిగాడు.

"మధ్యల టబ్బులు ఎన్నుంటె నీకెందుకురా? గుంజేది రోపు. గా 'ఈచ్' ఉన్నదే, గది రోపు. వర్కర్స్ అన్నది టబ్బు. టబ్బులు లెక్కవెట్టుకుంట కూసుంటె రోపు కింద వడి సస్తవ్."

అందరూ నవ్వారు. అందరికీ ఎక్కింది. బాయిలో బొగ్గు నింపిన టబ్బుల వరసను ఇనుప రోపు గుంజుతుందని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఆ రోజు నేనూ నవ్వాను. వాళ్లలో ఒకడు, "మొగిలన్న పాసై పైకొచ్చినంక సెంటినరీ కాలనీల సొంతంగ క్లాసు పెడ్తడు సూడుండ్రి, మనమందరం గాడికే" అన్నాడు. "పెడ్త! సారు దగ్గర గూడ ఫీజు కట్టించుకుంట" అని మొగిలి నా వైపు చూసి కన్నుగీటాడు.

పరాచికమే. పరాచికమని నాకు తెలుసు. మెట్లు దిగేలోపు నా నవ్వు ఆగిపోయింది.

ఇక్కడ నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. నాయిన నాకు నేర్పిన మొదటి విద్య లోపం చూపించడం. టోకు వ్యాపారి గాజుల పెట్టె విప్పగానే మన కళ్లలో సంతోషం కనబడకూడదు. ఒక గాజు తీసి వెలుతురుకు పట్టాలి. తిప్పాలి. కనుబొమ్మలు ముడవాలి. మెరుపు తక్కువుందని నిట్టూర్చాలి. నిండా మెరుపున్న గాజును పట్టుకునే ఆ మాట అనాలి, అదీ కిటుకు. నిజంగా మచ్చ ఉన్నదాన్ని తిట్టడానికి తెలివెందుకు? బాగున్నదాన్ని తిట్టి, అమ్మేవాడికే దాని మీద అనుమానం పుట్టించాలి. వాడి చేతిలోది వాడికే చిన్నదిగా కనబడాలి. చిన్నప్పుడు నాయిన పక్కన నిలబడి ఇదంతా చూసి నవ్వుకునేవాణ్ణి. తర్వాత ఆ విద్యలో నాయిన్ని మించిపోయాను.

మాటను అంత దూరం ఎందుకు తీసుకెళ్లానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎర్ర పెన్ను పట్టుకుని మొగిలి రాసిన కాగితం మీద నేను చేసింది అదే.

పరీక్ష నోటీసు పడింది. అందరూ రోజూ వాక్యాలు రాసి తెచ్చేవాళ్లు. క్లాసయ్యాక పైనే కూర్చుని దిద్దేవాణ్ణి. మొగిలి తప్పు లేదని గుర్తు పెట్టిన వాక్యం కింద నేను గీత గీశాను. గీసేముందు చెయ్యి ఆగిందా? ఆగింది. అది నాకు బాగా గుర్తుంది కాబట్టే, తెలియక చేశానని ఇవాళ మీకు చెప్పలేకపోతున్నాను. ఆగిన చెయ్యి మళ్లీ కదిలింది. ఒక వాక్యంతో మొదలైంది. తర్వాతి కాగితంలో ఇంకొన్ని. తన నోటితో గదికంతా అర్థం చేయించిన ఆ ల్యాంపు వాక్యం లాంటిదే మళ్లీ వస్తే, 'హాజ్' కొట్టేసి 'హావ్' అని రాశాను. అతను తల గోక్కుంటూ, "మరి ఆనాడు రోపు ముచ్చట?" అని అడిగాడు. అది వేరు, ఇది వేరు అన్నాను. ఏం వేరో చెప్పలేదు. సారు వేరన్నాడంటే వేరే అయ్యుంటుందనుకున్నాడు. ఇంకో మాట కూడా అన్నాను. తప్పు కనబడటం లేదంటే వాక్యం బాగుందని కాదు మొగిలీ, నీకు కళ్లు లేవని అర్థం, అన్నాను. ఎంత బాగా కుదిరిందో ఆ మాట! నేను తయారుచేసిన మంచి వాక్యాల్లో అదొకటి.

అతను రోపు మాట మానేశాడు. వెనక్కి తిరగడం మానేశాడు. నాలుగో జవాబు పెట్టడం మానేశాడు. ప్రతి వాక్యంలోనూ ఏదో ఒకటి వెతికి, మంచిదాన్ని చెడగొట్టి తెచ్చేవాడు. అప్పుడు నిజంగానే తప్పులయ్యేవి. అప్పుడు నేను న్యాయంగానే గీసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే అతని భార్య దుకాణానికి వచ్చింది, సరోజన అందాం. బంగారు చుక్కల ఆకుపచ్చ గాజుల జత తీసి చేతికి ఆనించి చూసుకుంది. మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

"ఇప్పుడు గాదు సేటూ. మా ఆయన పైకొచ్చినంక తీస్కుంట. జర పక్కకు పెట్టు."

"ఎవరన్నా అడిగితే?"

"ఎవలడిగినా ఇయ్యకు. షిఫ్టు దిగే యాళ్లకు సైకిల్ సప్పుడు ఇనవడేదాన్క తలుపుకాడనే ఉంట, ఎరికేనా? గది తప్పితె సాలు నాకు."

పక్కన పెట్టాను. పైన ఆమె మొగుడి వాక్యాల కింద గీతలు గీస్తూ, కింద ఆమె గాజులు దాచిపెట్టాను. రెండు పనులూ ఒకే మనిషి ఎలా చేశాడని అడుగుతారేమో. చెప్పాను కదా, మధ్యలో మెట్లున్నాయి.

దరఖాస్తుకు గడువు ముగిసే ముందురోజు క్లాసయ్యాక అందరూ దిగిపోయారు. మొగిలి దిగలేదు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"సారూ, రేపటితోని గడువు అయిపాయె. సక్కగ చెప్పు. గీసారి రాయాల్నా, వద్దా?"

"నీకేమనిపిస్తుంది?"

"నాకనిపించుడేంది, ఎర్ర పెన్ను వట్టినోడివి నువ్వు. నా కాయితం జూస్తె కోడిని కోసినట్టున్నది."

"ఈసారి ఆగు మొగిలీ. తొందరపడి రాసి ఫెయిలైతే నలుగురిలో పేరు పోతుంది. వచ్చేసారి నేనే దగ్గరుండి రాయిస్తా."

"వచ్చేసారంటే ఎప్పుడో ఏమో. ఇంటికాడ మా సరోజన ఊకుంటదా?"

"నేను చెప్పానని చెప్పు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"కింద సేటువై గీ మాట అంటె నమ్మకపోదును. పైన సారువాయె. సరె, గట్లనే కానియ్."

మెట్లు దిగి వెళ్లిపోయాడు. దిగుతుంటే వెనక్కి పిలవడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకు కూడా నేను లాభం చూసుకున్నాను.

మొగిలి పరీక్ష రాయలేదు. అతని దగ్గర అడిగి అడిగి నేర్చుకున్నవాళ్లలో ఒకడు రాశాడు, పాసయ్యాడు, పైకొచ్చాడు. వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నది మొగిలే. సరోజన ఆ తర్వాత పండక్కి మామూలు గాజులు కొనడానికి వచ్చింది. పక్కన పెట్టిన డబ్బా తీయబోయాను. "గవి అమ్ముకో సేటూ" అంది. మామూలు గాజులే కట్టించుకుని వెళ్లింది. వాటిని ఆ తర్వాత వచ్చిన ఎవరికో వాళ్లడిగిన ధరకే ఇచ్చేశాను. నా వ్యాపారంలో బేరమాడకుండా చేసిన అమ్మకం అదొక్కటే. దాన్ని ప్రాయశ్చిత్తం కింద జమ వేసుకునేంత చవక మనిషిని.

ఎందుకు చేశాను? ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న జవాబు వ్యాపారం. అతను పోతే జనం పోతారని, క్లాసు మూతపడుతుందని భయం. మా వీధిలో ఆ జవాబు చెబితే ఎవరూ తప్పుపట్టరు కూడా. కానీ అది దుకాణం ముందువైపు పెట్టిన సరుకే. వెనక ఇంకోటి ఉంది. అలాంటి నౌకరి కోసమే బయటివాళ్లకు పెట్టిన పరీక్ష అంతకుముందు నేను రాశాను. తప్పాను. నన్ను ముంచింది కూడా తప్పులు పట్టే భాగమే. మంచి వాక్యాలు చూసి తప్పున్నట్టు భ్రమపడి చెడగొట్టుకున్నాను. క్లాసులో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. నాకు లేని ఆ గుండె, కళ్ల అంచుల్లో బొగ్గుతో వచ్చినవాడికి అంత సులువుగా ఉందేమిటి? ఇదే అనుకుంటా అసలు సంగతి. ఇదేనా? ఇంత చిన్నదా? ఇంత చిన్నదాని కోసమా అతను అన్నేళ్లు చీకట్లోకి దిగాడు?

తర్వాతి పరీక్ష రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చినప్పుడు నేనే వెళ్లి చెప్పాను, రాయమన్నాను, ఫీజు కూడా వద్దన్నాను. "మనకు రాదు సారూ గది" అన్నాడు. ఎంత నచ్చజెప్పినా అదే మాట. నేను పుట్టించిన అనుమానాన్ని నేనే వదిలించాలని చూసినా వదలడం లేదు. ఇప్పటికీ కిందికే దిగుతున్నాడు. మోకాళ్లు అరిగాయి. మాట్లాడుతుంటే మధ్యలో దగ్గుకు ఆగుతాడు. రోపు ముచ్చట మాత్రం పోలేదు. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు నేను చెబుతాను. ఎంత బాగా చెబుతారు సార్ అంటారు. అవునని తల ఊపుతాను.

ఇప్పుడు నా క్లాసుకు వచ్చేది బ్యాంకు పరీక్షలకు తయారయ్యే పిల్లలు. మొన్నామధ్య మొగిలి మెట్లెక్కి వచ్చాడు, పక్కన కూతురు. డిగ్రీ ఆఖరి ఏడాది. రవళి అందాం. "నా లెక్క గాకుంట జూడు సారూ. గీమెకు తప్పులు వట్టుడు నేర్పు" అన్నాడు. నేర్పుతానన్నాను. ఇంకేమనను?

రవళి చురుకైన పిల్ల. తండ్రిలాగే కళ్లు తిప్పుతుంది. కానీ నాలుగో జవాబు ఒక్కసారీ పెట్టదు. ఒకరోజు బోర్డు దగ్గరికి పిలిచి మంచి వాక్యమే ఒకటి ఇచ్చాను. ఆ పాత ల్యాంపు వాక్యమే. కావాలని ఇచ్చానా? తెలియదు. సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత 'హాజ్' కొట్టేసి 'హావ్' అని రాసింది.

"ఎందుకమ్మా? బాగానే ఉంది కదా వాక్యం?"

"తప్పు కనవడ్తలేదంటె మనకు కండ్లు లేవన్నట్టు అని మా బాపు చెప్తడు సార్. ఇంట్ల కూసోవెట్టి గిట్లనే దిద్దుతడు."

నా వాక్యం. నేను తయారుచేసిన మంచి వాక్యం. అది బాయిలోకి దిగి, ఇంటికి వెళ్లి, ఇంకో మనిషిలో పెరిగి, మెట్లెక్కి నా దగ్గరికే వచ్చింది.

"మా బాపు తప్పు జెప్పిండా సార్?" అని అడిగింది. గదిలో పిల్లలంతా చూస్తున్నారు. వాళ్ల ముందు ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. తండ్రి గురించి చిన్నబోయింది.

అప్పుడు నోరు తెరిచాను. "మీ బాపుది తప్పు కాదమ్మా. అప్పట్లో నేనే పొరపాటున అలా దిద్దాను" అన్నాను.

పొరపాటున. విన్నారా? ఒప్పుకునేటప్పుడు కూడా ధర తగ్గించాను.

మర్నాడు మొగిలి దుకాణానికి వచ్చాడు. వస్తూనే నవ్వు. "ఏంది సారూ, నువ్వు గూడ తప్పులు జేస్తవా? రవళి చెప్పంగనే పడిపడి నవ్విన. ఊకో, గన్ని కాయితాలు దిద్దేటోనికి ఒక్కటన్న అటిటు గాదా? గదానికి ఫికర్ జేస్తరా ఎవలన్న?" అన్నాడు. కింద నిలబడే సారూ అన్నాడు. చాయ్ తెప్పించాను. తాగాడు. మధ్యలో దగ్గు వచ్చి గ్లాసు పక్కన పెట్టాడు. పెట్టి మళ్లీ, "గా ల్యాంపుది నాది కరెక్టేనన్నట్టు" అన్నాడు, చిన్నపిల్లాడిలా. ఒక్క వాక్యం సరైందని తెలిస్తే అంత సంతోషం ఆ ముఖంలో. ఒక్కటే అనుకున్నాడు.

ఆ క్షమాపణ నేను దొంగతూకంతో సంపాదించింది. అందుకే అది నా దగ్గర నిలవడం లేదు. అందుకే మీ దగ్గరికి వచ్చాను.

ఇది అచ్చయితే రవళి కంట పడొచ్చు. పడితే ఇంట్లో చదివి వినిపించొచ్చు. సరోజన వినొచ్చు. ఆ తర్వాత నా మెట్లు ఎవరూ ఎక్కకపోవచ్చు. ఎక్కాలని నేను అడగను. అడిగితే అది మళ్లీ బేరమే అవుతుంది. రాసినంతమేర ఆ బరువు కొద్దిగా కదిలిన మాట మాత్రం నిజం. ఇంతకాలం కూర్చున్న చోటునుంచి లేచినట్టుంది. గుడ్డ తీసేశాను. ఉన్నది ఉన్నట్టు ఇదీ.

అది పొరపాటు కాదు మొగిలీ. ఒక్కటీ కాదు. నువ్వు నాలుగో జవాబు పెట్టిన ప్రతి చోటా వాక్యం బాగుంది. నాకు తెలుసు. గీత గీసేటప్పుడే తెలుసు.